నిలదీయని డైరీ: వారానికొకసారి ప్రణాళిక, ఆత్మపరిశీలన

సగంలో వదిలేసిన ప్లానర్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటి కొన్ని పేజీలు నిండుగా, కుదురైన చేతిరాతతో ఉంటాయి. ఆ తరువాత రాత పలచబడి, కొన్నాళ్లకు ఖాళీ పేజీలు మొదలవుతాయి. దీనికి అందరూ చెప్పే కారణం క్రమశిక్షణ లేకపోవడం. అయితే రాసినంతవరకు ఆ పేజీల్లో ఏముందో చూస్తే మరో కారణం కనబడుతుంది. రోజుకు పది పన్నెండు పనులు, ప్రతి పనికీ పక్కన టిక్కు పెట్టుకోవడానికి ఒక గడి, పూర్తికానివాటిని మర్నాటికి ఎక్కించినట్టు బాణం గుర్తులు. వారం తిరగకముందే ఆ పుస్తకం బాకీల పద్దులా తయారవుతుంది. తెరిచిన ప్రతిసారీ చేయలేకపోయినవాటినే ముందుగా చూపించే పుస్తకాన్ని ఎంత పట్టుదల గలవారైనా ఎక్కువకాలం తెరవలేరు.

వారానికి ఒకసారి కూర్చుని, గడిచిన ఏడు రోజులను తిరిగి చూసుకుని, రాబోయే ఏడు రోజులకు కొద్దిపాటి ప్రణాళిక రాసుకునే పద్ధతి ఈ ఇబ్బందికి విరుగుడుగా ప్రచారంలో ఉంది. ఒత్తిడి లేని ప్రణాళిక అని దీన్ని మెచ్చుకునేవారు ఎక్కువగా మాట్లాడేది ప్రశాంతత గురించి, మనసు తేలికపడటం గురించి. ఆ ప్రయోజనం ఉన్నమాట నిజమే కానీ, ఈ పద్ధతికి అంతకంటే గట్టి సమర్థన ఉంది. ప్రణాళిక అనేది రాబోయే రోజుల గురించి వేసుకున్న అంచనా. ఆత్మపరిశీలన ఆ అంచనా ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తప్పిందో చూసుకునే పని. తప్పినచోట ఎందుకు తప్పిందో ఉన్నదున్నట్టు రాసుకున్నప్పుడే తరువాతి అంచనా మెరుగుపడుతుంది. మందలిస్తుందని భయపడే పుస్తకంలో ఎవరూ ఉన్నదున్నట్టు రాయరు. కొన్ని దాచిపెడతారు, కొన్నింటికి సాకులు రాస్తారు, చివరికి రాయడమే మానేస్తారు. ఆ విధంగా చూస్తే తన పట్ల మెత్తగా ఉండటమనేది సరైన సమాచారం రాబట్టుకోవడానికి అవసరమైన షరతు. ఓదార్పు దానితోపాటు వచ్చేది మాత్రమే.

వారాన్నే కొలతగా ఎందుకు తీసుకోవాలన్న ప్రశ్నకు ప్రకృతిలో జవాబు లేదు. రోజుకు భూమి తిరగడం, నెలకు చంద్రుడి కళలు, సంవత్సరానికి రుతువులు ఆధారం. ఏడు రోజుల వారానికి మాత్రం మనుషుల అలవాటే ఆధారం. దాన్ని మార్చాలని చూసిన ప్రభుత్వాలు లేకపోలేదు. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1793లో పది రోజుల విభాగాన్ని తెచ్చింది. పన్నెండేళ్లకు ఆ క్యాలెండరే రద్దయింది. సోవియట్ యూనియన్ 1929లో ఐదు రోజుల పనివారాన్ని, 1931లో ఆరు రోజుల వారాన్ని ప్రయత్నించి 1940లో మళ్లీ ఏడు రోజులకే వచ్చింది. ఇంత మొండిగా నిలబడిన కొలత కాబట్టే పని, సెలవు, బడి, ఇంటి పనులు అన్నీ దాని చుట్టూ అల్లుకుని ఉన్నాయి. ప్రణాళికకు సంబంధించి దీనిలో ఒక సౌలభ్యం ఉంది. ఒక్క రోజు చాలా ఇరుకైనది. రాత్రి నిద్ర సరిగా పట్టకపోయినా, అనుకోని పని ఒకటి వచ్చిపడినా ఆ రోజు ప్రణాళిక మొత్తం కూలిపోతుంది. నెల చాలా విశాలమైనది. నాలుగో వారానికి వచ్చేసరికి మొదటి వారంలో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో జ్ఞాపకం మసకబారిపోతుంది. వారంలో ఒక చెడ్డ రోజు ఇమిడిపోతుంది, అయినా మొత్తం ఏడు రోజులూ ఇంకా గుర్తుంటాయి.

ఇరుకైన ప్రణాళిక చేసే చేటును పరిశోధకులు చాలాకాలం క్రితమే గమనించారు. చదువు అలవాట్లు మెరుగుపరచుకోవాలనుకున్న కాలేజీ విద్యార్థులతో డేనియల్ కిర్షెన్‌బామ్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 1981లో వెలువడింది. కొందరిచేత రోజువారీ లక్ష్యాలతో వివరమైన ప్రణాళికలు, మరికొందరిచేత నెలకు సరిపడా స్థూలమైన ప్రణాళికలు వేయించారు. రోజువారీ ప్రణాళికలే బాగా పనిచేస్తాయని అనిపించడం సహజం. ఫలితం అందుకు భిన్నంగా వచ్చింది. నెలవారీ ప్రణాళికలు వేసుకున్నవారి చదువు అలవాట్లే ఎక్కువ మెరుగుపడ్డాయి. రోజువారీ ప్రణాళికలో సర్దుబాటుకు చోటుండదు, పైగా అది ప్రతిరోజూ తప్పిపోయే అవకాశాన్ని కల్పిస్తుంది. వారం ఈ రెండింటికీ మధ్యలో పడుతుంది. అదీగాక, కొత్త వారం మొదలవడమే చిన్నపాటి ఊపునిస్తుంది. హెంగ్‌చెన్ డై, కేథరీన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో వారం, నెల, సంవత్సరం మొదలయ్యే రోజుల్లో వ్యాయామశాలలకు వెళ్లేవారి సంఖ్య పెరుగుతున్నట్టు తేలింది. గడిచిపోయిన వైఫల్యాలు పాత ఖాతాలోకి వెళ్లిపోయాయన్న భావన దీనికి కారణమని వారి వివరణ. ఏడాదికి ఒకసారి వచ్చే కొత్త సంవత్సరం మీద ఆశలన్నీ పెట్టుకునే బదులు, యాభై రెండుసార్లు వచ్చే ఈ చిన్న అవకాశాన్ని వాడుకోవడమే తెలివైన పనిగా కనబడుతుంది.

వారాన్ని ఆధారంగా చేసుకున్న ఆత్మపరిశీలనకు ప్రసిద్ధమైన పాత నమూనా పద్దెనిమిదో శతాబ్దపు అమెరికన్ రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన తనలో పెంచుకోవాల్సిన గుణాలు 13 ఎంచుకుని, ఒక చిన్న పుస్తకంలో పేజీకి ఏడు నిలువు గడులు, పదమూడు అడ్డ గడులు గీసుకున్నాడు. ఏ రోజు ఏ గుణంలో తప్పు జరిగితే ఆ గడిలో నల్లచుక్క పెట్టేవాడు. అన్నింటినీ ఒకేసారి సాధించాలని పెట్టుకోకుండా వారానికి ఒక గుణం మీదే దృష్టి నిలిపేవాడు. పదమూడు వారాలకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు. ఈ పథకం ఎలా నడిచిందో ఆయనే తన జీవిత వృత్తాంతంలో రాసుకున్నాడు. తాను ఊహించుకున్నదానికంటే తనలో లోపాలు చాలా ఎక్కువగా ఉన్నాయని చూసి ఆశ్చర్యపోయాడు. చుక్కలు చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడుతుంటే, తడి స్పాంజితో తుడిచేయగలిగే దంతపు పలకల మీదికి గడులు మార్చుకున్నాడు. వస్తువులనూ పనులనూ క్రమపద్ధతిలో ఉంచుకోవడమనే గుణం ఆయనకు చివరిదాకా కొరుకుడు పడలేదు. కొంతకాలానికి ఏడాదికి ఒక్క ఆవృత్తి, ఆ పైన కొన్నేళ్లకు ఒకటి, చివరికి అదీ లేదు. పుస్తకాన్ని మాత్రం ఎప్పుడూ వెంట ఉంచుకునేవాడు. వారానికి ఒక్క విషయమే పట్టుకోవాలన్న ఆలోచనలో ఆయన చూపిన వివేకం ఈనాటికీ పనికొస్తుంది. నల్లచుక్కల విషయంలో మాత్రం ఆయన్ని అనుసరించకపోవడమే మేలు. చుక్క తప్పు జరిగిందని చెబుతుంది గానీ ఏ పరిస్థితిలో, ఏ గంటలో, దేని తరువాత జరిగిందో చెప్పదు. అలాంటి గుర్తులు పేజీ నిండా ఉన్నా వచ్చే వారం ఏం మార్చుకోవాలో తెలియదు.

అంచనాలు ఎందుకు తప్పుతాయన్నది ఈ వ్యవహారమంతటికీ కీలకమైన ప్రశ్న. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో దీనికి ప్రణాళికా భ్రమ అనదగిన పేరు పెట్టారు. ఒక పనికి ఎంత సమయం పడుతుందో ఊహించేటప్పుడు మనుషులు ఆ పని తమ కళ్లముందు సాఫీగా సాగిపోతున్నట్టు చూస్తారే తప్ప, అలాంటి పనులు గతంలో ఎంతెంత సమయం తీసుకున్నాయో లెక్కలోకి తీసుకోరు. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులను అది ఎన్ని రోజుల్లో ముగుస్తుందని అడిగారు. వారి అంచనా సగటున 34 రోజులు. ఏదీ కలిసిరాక, అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని అడిగితే సుమారు 49 రోజులన్నారు. నిజానికి పట్టింది సగటున 55 రోజులకు పైనే. అంటే వారు ఊహించగలిగిన అతి చెడ్డ పరిస్థితి కంటే వాస్తవం ఆలస్యంగా నడిచింది. అదే పరిశోధనలో మరొక సంగతి తేలింది. గతంలో తమ అంచనాలు తప్పాయని పాల్గొన్నవారికి తెలుసు. తెలిసినా ఈసారి వేరని నమ్మారు. గత అనుభవాన్ని గుర్తుచేసుకుని, దాన్ని ప్రస్తుతం చేస్తున్న పనితో ముడిపెట్టి ఆలోచించమని ప్రత్యేకంగా అడిగినప్పుడు మాత్రం ఆ మితిమీరిన ఆశ తగ్గింది.

వారాంతపు డైరీ చేయించేది సరిగ్గా ఆ ముడిపెట్టడమే. అందుకే గతాన్ని చూసుకోవడం ముందు, రాబోయేది రాసుకోవడం తరువాత జరగాలి. ఎక్కువమంది ఈ వరుసను తిరగేస్తారు. ఉత్సాహంగా కొత్త వారానికి పనులన్నీ రాసేసి, సమయం మిగిలితే పాత పేజీ చూస్తారు. అప్పటికి కొత్త పేజీ నిండిపోయి ఉంటుంది కాబట్టి పాతది చెప్పే పాఠానికి చోటుండదు. పోయిన వారం పెట్టుకున్న ఆరు పనుల్లో మూడే అయ్యాయని కళ్లారా చూసిన తరువాత ఈ వారానికి పది రాయడానికి చేయి కొంచెమైనా వెనకాడుతుంది.

పనులను కాగితం మీద పెట్టడం వల్ల కలిగే తేలికదనానికి మరో కారణం చెబుతుంటారు. బెర్లిన్‌లో మనస్తత్వవేత్త కుర్ట్ లెవిన్ దగ్గర పనిచేసిన బ్లూమా జైగార్నిక్, మధ్యలో ఆపించిన పనులు పూర్తయిన పనులకంటే బాగా గుర్తుంటాయని 1927లో ప్రకటించారు. జ్ఞాపకానికి సంబంధించిన ఆ ఫలితం తరువాతి ప్రయోగాల్లో ఒకోసారి వచ్చింది, ఒకోసారి రాలేదు. అయితే మిగిలిపోయిన పని మనసును తొలుస్తూ ఉంటుందన్న అనుభవం మాత్రం అందరికీ పరిచితమే. ఇ. జె. మాసికాంపో, రాయ్ బౌమైస్టర్ 2011లో చూపినది ఇంకా ఉపయోగకరమైనది. పని పూర్తి చేయనక్కరలేదు, దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్దిష్టంగా రాసుకున్నా ఆ తొలుపు చాలావరకు సద్దుమణుగుతుంది. బేలర్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ స్కల్లిన్ బృందం 2018లో 57 మంది యువతీయువకులను నిద్ర ప్రయోగశాలలో పరిశీలించింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు, రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాసినవారు, అయిపోయిన పనులు రాసినవారికంటే సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారు. చిన్న అధ్యయనమే కాబట్టి దీన్నిబట్టి పెద్ద తీర్మానాలు చేయకూడదు. కానీ రాసిన జాబితా ఎంత నిర్దిష్టంగా ఉంటే నిద్ర అంత త్వరగా పట్టిందన్న అంశం గమనించదగినది.

ఇక్కడ ఒక చిక్కు కనబడుతుంది. వివరమైన ప్రణాళికలు నిలవవని ఒక పరిశోధన చెబితే, నిర్దిష్టంగా రాసుకోమని ఇంకొకటి చెబుతోంది. రెండూ నిజమే అయ్యే మార్గం ఒకటి ఉంది. వారం మొత్తాన్ని గంటలవారీగా బిగించడం వేరు, వారంలో ముఖ్యమైన రెండు మూడు పనులకు మాత్రమే చోటూ వేళా చెప్పుకోవడం వేరు. పీటర్ గోల్‌విట్జర్ ప్రతిపాదించిన, ఫలానా సందర్భం వచ్చినప్పుడు ఫలానా పని చేస్తాను అని ముందే ముడివేసుకునే సంకల్పాల మీద ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 పరీక్షలను క్రోడీకరించి చూస్తే మధ్యస్థం నుంచి పెద్ద స్థాయి ప్రభావం కనబడింది. బుధవారం ఆఫీసు నుంచి రాగానే, బట్టలు మార్చుకోకముందే, ఆసుపత్రికి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంటాను అన్న వాక్యానికి ఆ రకమైన బలం ఉంది. ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టాలి అన్న వాక్యానికి లేదు. అలాంటి బలమైన వాక్యాలు వారానికి రెండో మూడో చాలు. మిగతా వారాన్ని ఖాళీగా వదలడంలో నష్టం లేదు, ఆ ఖాళీలోకి రావాల్సినవి ఎలాగూ వస్తాయి.

తన పట్ల మెత్తగా ఉండటం అనగానే వచ్చే అభ్యంతరం, అది బద్ధకానికి ముద్దుపేరని. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఏ వారానికా వారం పరిస్థితుల మీద నెపం నెట్టేసి, తనను తాను క్షమించుకుని, అదే జాబితాను వచ్చే వారానికి ఎత్తిరాసుకునేవారు ఉంటారు. కానీ కఠినత్వం ఆ జబ్బును కుదురుస్తుందన్న నమ్మకానికి ఆధారాలు బలహీనం. మైకేల్ వోల్, టిమొతీ పిచిల్, షానన్ బెనెట్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకోగలిగిన విద్యార్థులు తరువాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. జూలియానా బ్రీన్స్, సెరీనా చెన్ 2012లో చేసిన ప్రయోగాల్లో, కష్టమైన పరీక్షలో విఫలమైన తరువాత తమ పట్ల దయతో ఆలోచించమని చెప్పినవారు మరుసటి పరీక్ష కోసం మిగతావారికంటే ఎక్కువసేపు చదివారు. జెనెట్ పోలివీ, పీటర్ హెర్మన్ ఆహార నియమాలు పాటించేవారిలో చూసినది దీనికి అవతలి పక్క. నియమం ఒక్కసారి తప్పిందని అనుకోగానే, ఎలాగూ పాడైంది కదా అని పూర్తిగా గాలికి వదిలేయడం. టిక్కుల గడులతో నిండిన ప్లానర్‌ను బుధవారానికే పక్కన పడేసేవారిలో పనిచేసేది కూడా ఇదే ధోరణి.

రోమన్ తత్వవేత్త సెనెకా ఈ సంగతిని దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే పట్టుకున్నాడు. రాత్రి దీపం తీసేసి, తన అలవాటు తెలిసిన భార్య మౌనంగా ఉన్నప్పుడు, ఆ రోజు చేసినవీ అన్నవీ అన్నీ తిరిగి చూసుకుంటానని ఆయన రాశాడు. తన నుంచి తాను ఏదీ దాచుకోననీ, దేన్నీ దాటవేయననీ చెప్పి, తన తప్పులను చూసి భయపడాల్సిన పనేముంది అని అడుగుతాడు. ఇక ముందు ఇలా చేయకు, ఈసారికి క్షమిస్తున్నాను అని తనతో తాను చెప్పుకోగలిగినప్పుడు అంటాడు. ఆ మాటల్లో క్షమ, దాచుకోకపోవడం పక్కపక్కనే రావడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. క్షమ దొరుకుతుందన్న నమ్మకం ఉంది కాబట్టే ఏదీ దాచాల్సిన అవసరం రాలేదు.

దీన్ని రాతలో చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఒక నివేదిక పూర్తికాని వారాన్ని ఒకరు ఇలా రాయవచ్చు: ఈ వారం కూడా బద్ధకించాను, నాకు పట్టుదల లేదు. అదే వారాన్ని ఇంకోలా రాయవచ్చు: నివేదిక పూర్తి కాలేదు, మంగళ, బుధవారాలు సమావేశాలకే పోయాయి, గురువారం సాయంత్రం కూర్చుంటే ముప్పావు గంటలో మూడు పేజీలు వచ్చాయి, శుక్రవారం లెక్కల భాగం దగ్గర ఆగిపోయాను, కావలసిన అంకెలు నా దగ్గర లేవు. మొదటిది కఠినంగా ఉంది, కానీ దానిలో వచ్చే వారానికి పనికొచ్చే సంగతి ఒక్కటీ లేదు. రెండోది ఎవరినీ తిట్టలేదు, ఏదీ దాచలేదు. వచ్చే సోమవారం ఉదయం చేయాల్సిన పని నివేదిక రాయడం కూడా కాదని, ఆ అంకెలు ఎవరి దగ్గర ఉన్నాయో వారిని అడగడమని దానినుంచి తెలిసిపోతుంది. మెత్తదనం వాస్తవాలను సడలించనక్కరలేదు. పని కాలేదన్న సంగతి రెండింటిలోనూ ఉంది. రెండోదానిలో లేనిది తీర్పు మాత్రమే.

వారం వారం ముందుకు జరుగుతూ పోయే పని విషయంలో కొంత కచ్చితత్వం అవసరం. పనులను చుక్కల గుర్తులతో పొట్టి వాక్యాల్లో రాసుకునే బుల్లెట్ జర్నల్ అనే పద్ధతిని రూపొందించిన రైడర్ కరోల్, మిగిలిన పనులను కొత్త పేజీలోకి చేత్తో తిరిగి రాయమంటాడు; తిరిగి రాయడానికి బద్ధకించేంత చిన్న పనైతే దాన్ని చేయాల్సిన అవసరమే ఉండకపోవచ్చన్నది దాని వెనకున్న తర్కం. ఒకే పని మూడు వారాలు వరుసగా ఎత్తిరాయాల్సి వచ్చిందంటే దాన్ని నాలుగోసారి అలాగే రాయడంలో అర్థం లేదు. అది పెద్దదై ఉండవచ్చు, అప్పుడు దాని మొదటి మెట్టును మాత్రమే రాయాలి. వేరొకరి కోరిక అయి ఉండవచ్చు, అప్పుడు కాదని చెప్పడమే అసలు పని అవుతుంది. ఒకప్పుడు ఇష్టపడి ఇప్పుడు ఆసక్తి పోయినదైతే కొట్టేసి, కొట్టేసిన తేదీ వేయాలి. పనిని వదిలేయడం కూడా ఒక నిర్ణయమేనని, దాన్ని ఎప్పుడు తీసుకున్నామో తెలిసి ఉండటం మంచిదని చాలామందికి తోచదు.

ఆత్మపరిశీలనకు సంబంధించి అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. తన గురించి తాను ఆలోచించుకోవడం ఎప్పుడూ మంచిదే అన్న నమ్మకం సరైనది కాదు. పాల్ ట్రాప్‌నెల్, జెన్నిఫర్ క్యాంప్‌బెల్ 1999లో దీన్ని రెండుగా విడదీసి చూపారు. తెలుసుకోవాలన్న కుతూహలంతో తనను పరిశీలించుకోవడం ఒకటి. భయంతో, పోగొట్టుకున్నదాని మీద, జరిగిన అన్యాయం మీద అదే పనిగా మనసు తిరుగుతూ ఉండటం మరొకటి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండోదాని మీద సూసన్ నోలెన్-హోక్సెమా దశాబ్దాలపాటు చేసిన పరిశోధనలు, అలా వేధించుకునే అలవాటు కుంగుబాటును పొడిగిస్తుందని, దాని ముప్పును పెంచుతుందని చూపాయి. నాలుగు పేజీలు నిండినా చివరికి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయిన రాత ఈ రెండో కోవకు చెందుతుంది. ఎందుకు నేనిలా ఉన్నాను అని మొదలయ్యే ప్రశ్నలు ఎక్కువగా అటే లాక్కెళతాయి. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఆ సమయంలో ఇంకేం జరుగుతోంది అన్న ప్రశ్నలు కాళ్లు నేలమీద ఆనిస్తాయి. ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒత్తిడి కలిగించే సందర్భాల గురించి నేను అని కాకుండా తన పేరుతోనే తనను పిలుచుకుంటూ ఆలోచించినవారు ఆందోళనను మెరుగ్గా తట్టుకోగలిగారు. రాతలోనూ ఈ ఉపాయం పనికొస్తుంది. మనసును బాగా కలతపెట్టిన సంఘటనను ఎవరో పరిచయస్తుడికి జరిగినట్టు ప్రథమ పురుషలో రాస్తే, మొదట్లో కృతకంగా అనిపించినా, కొంత ఎడం ఏర్పడుతుంది.

రాయడం వల్ల ఆరోగ్యం బాగుపడుతుందన్న ప్రచారానికి మూలం జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో వెలువరించిన అధ్యయనం. వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమ జీవితంలోని బాధాకరమైన అనుభవాల గురించి రాసిన విద్యార్థుల్లో కొందరు ఆ తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వారి మనసు మరింత బరువెక్కిందన్నది అంతగా ప్రచారానికి నోచుకోని సంగతి. జోఆన్ ఫ్రాటరోలి 2006లో 146 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు మేలు కనబడింది కానీ సగటున అది చాలా చిన్నది. వారాంతపు డైరీ అలాంటి లోతైన గాయాలను తవ్వే చోటు కానక్కరలేదు. ఈ మధ్యనే జరిగిన పెద్ద నష్టం గురించో, వారాల తరబడి వదలని దిగులు గురించో రాసే కొద్దీ పరిస్థితి దిగజారుతుంటే రాయడం ఆపి వైద్యుడినో, మానసిక నిపుణుడినో కలవాలి. డైరీ చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

మంచి సంగతులు రాసుకోవడంలోనూ మోతాదు ఉన్నట్టుంది. సోన్యా లుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాలపాటు కృతజ్ఞతగా భావించే విషయాలను కొందరిచేత వారానికి ఒకసారి, మరికొందరిచేత మూడుసార్లు రాయించింది. సంతోషం పెరిగింది వారానికి ఒకసారి రాసినవారిలోనే. తరచుగా రాస్తే అది మొక్కుబడిగా మారుతుందన్నది ఒక వివరణ. వారపు పేజీలో రెండు మంచి వాక్యాలుండటానికి వేరే కారణం కూడా ఉంది. జరిగిన చెడు జరిగిన మంచికంటే మనసులో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, జ్ఞాపకం మీదే ఆధారపడి రాస్తే వారం చిత్రం వాస్తవానికంటే నల్లగా వస్తుంది. అవి సంతోషం కోసం కాకపోయినా లెక్క సరిగా ఉండటం కోసమైనా రాయాలి.

ఇక కూర్చునే విధానం గురించి చెప్పాల్సింది తక్కువే. అరగంట సరిపోతుంది. ముందు వారంలో ఏ రోజు ఏం జరిగిందో క్యాలెండర్, సందేశాలు, ఫోన్‌లోని ఫొటోలు చూసి ఒకటి రెండు మాటల్లో రాసుకోవాలి. దీన్ని వదిలేస్తే మిగతాదంతా చివరి రెండు రోజుల మూడ్ మీద ఆధారపడిపోతుంది. తరువాత ఏవి అనుకున్నట్టు సాగాయి, ఏవి సాగలేదు, దేనికి అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది, ఏది శక్తినిచ్చింది, ఏది హరించింది అన్నవాటి మీద ఒక పేజీకి మించకుండా రాయాలి. అప్పుడు రాబోయే వారంలో ఇప్పటికే ఖరారైనవి వేసుకుని, మిగిలిన చోటు చూసి, ముఖ్యమైనవి రెండో మూడో ఎంచుకోవాలి. విశ్రాంతికి కూడా మిగతా పనుల్లాగే రోజు పేరు రాయాలి, ఎందుకంటే రాయని విశ్రాంతిని రాసిన పనులు మింగేస్తాయి. కాగితమా, ఫోనా అన్న చర్చకు ఇక్కడ పెద్ద ప్రాధాన్యం లేదు. ఫోన్‌లో వెతకడం సులువు, కాగితం దగ్గర మధ్యలో నోటిఫికేషన్ రాదు. రంగుల స్కెచ్‌పెన్నులూ స్టిక్కర్లూ ఇష్టమైతే వాడుకోవచ్చు గానీ, పేజీని అలంకరించడానికి పట్టే సమయం రాయడానికి పట్టే సమయాన్ని దాటుతుంటే అది మరో సరదా అని గుర్తించడం మంచిది.

కొన్ని వారాలు తప్పిపోతాయి. ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక అలవాటు స్థిరపడటానికి మనిషినిబట్టి 18 నుంచి 254 రోజుల వరకు పట్టవచ్చని అంచనా వేశారు. మధ్యలో ఒకసారి తప్పినా అలవాటు ఏర్పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. మూడు వారాలు ఖాళీగా పోయిన తరువాత ఆ మూడింటినీ గుర్తుచేసుకుని పూరించాలని కూర్చోవడం అలవాటును చంపే సులువైన మార్గం. ఖాళీని ఖాళీగానే ఉంచి, ఈ వారం తేదీ వేసి మొదలుపెడితే సరిపోతుంది. ఖాళీ వారాలు కూడా ఏదో చెబుతాయి. అవి ఎప్పుడూ పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న నెలల్లోనే వస్తుంటే ఆ నెలలకు ఐదు నిమిషాల పొట్టి రూపం ఒకటి తయారు చేసుకోవచ్చు.

ఒక్కో పేజీ ఇచ్చేదానికంటే, మూడు నెలల పేజీలను ఒకే బైఠకులో చదివినప్పుడు దొరికేది ఎక్కువ. విడివిడిగా చూసినప్పుడు ప్రతి వారానికీ దాని కారణం దానికి ఉంటుంది. ఒక వారం జలుబు, ఒక వారం అనుకోని ప్రయాణం, ఒక వారం కార్యాలయంలో హడావిడి. పదమూడింటినీ వరుసగా చదివితే కారణాలు మారుతున్నా ఫలితం మారడం లేదని, సాయంత్రం వేళకు పెట్టిన ఏ పనీ ఎప్పుడూ జరగలేదని, లేదా ఫలానా మనిషిని కలిసిన వారాలన్నింటిలోనూ రాత తేలికగా ఉందని బయటపడవచ్చు. ప్రతి వారం అసాధారణమైనదే అని పదమూడుసార్లు రాసి ఉన్న పుస్తకాన్ని చూస్తే, అసాధారణమనుకున్నదే సాధారణమని ఒప్పుకోక తప్పదు. అప్పుడు ప్రణాళికలో ముందుగానే వారానికి ఒక పూట దేనికీ కేటాయించకుండా వదలడం మొదలవుతుంది.

ఇదంతా పుస్తకాన్ని ఇంకెవరూ చదవరన్న భరోసా మీద నిలబడి ఉంటుంది. ఇంట్లోవారో, సహోద్యోగులో తెరిచి చూసే అవకాశం ఉందనిపిస్తే, తెలియకుండానే వాక్యాలు వారికోసం తయారవుతాయి. ఫొటో తీసి అందరికీ చూపించాలనుకున్న పేజీలోనూ అదే జరుగుతుంది. కాబట్టి తాళం వేసే చోటో, పాస్‌వర్డ్ ఉన్న ఫైలో ముందే చూసుకోవాలి. అది కూడా కుదరనివారు మూడు నెలల పేజీలు చదివి, తెలిసిన రెండు మూడు విషయాలను కొత్త పుస్తకం మొదట్లో రాసుకుని, పాతవాటిని చింపేయవచ్చు. వాటి పని అప్పటికే అయిపోయి ఉంటుంది.